మూలబిందువు ఎక్కడ? యంత్రచిత్ర బోధనపై ఒక విమర్శ

పొలం కొలవడానికి వచ్చిన సర్వేయరు గొలుసు విప్పకముందే హద్దురాయిని వెతుకుతాడు. రాయి కనిపించేవరకు కొలత మొదలుపెట్టడు. ఇల్లు కట్టే మేస్త్రీ పద్ధతి కూడా ఇదే. మొదట ఒక మూల నిశ్చయించుకొని, అక్కడ మూలమట్టం ఆనించి, రెండు దిక్కులకు దారం కడతాడు. గది పొడవు, వెడల్పు, తలుపు స్థానం మున్నగునవన్నీ ఆ తరువాతి లెక్కలు. గొలుసు ఎంత సరియైనదైనా రాయి తప్పయితే పొలం తప్పుతుంది. దారం పక్కకు పోతే గోడ కూడా దానివెంటనే పోతుంది. ఎంత కొలవాలి అనే ప్రశ్నకంటె ముందు, ఎక్కడనుంచి కొలవాలి అనే ప్రశ్న ఉన్నదని వీరిద్దరికీ అనుభవమే నేర్పింది.

బడిలో చదివే విద్యార్థి సంగతి వేరు. తొమ్మిదో తరగతిలో నిరూపక జ్యామితి మొదలవుతుంది. గళ్ళ కాగితంమీద ఒక అడ్డుగీత, ఒక నిలువుగీత, అవి కలిసేచోట సున్న. ఫలానా బిందువును గుర్తించుమని ప్రశ్న. విద్యార్థి గుర్తిస్తాడు, మార్కులు తెచ్చుకొంటాడు. ఆ రెండు గీతలు అక్కడే ఎందుకు ఉన్నవి, మరొకచోట ఉంటే ఏమయ్యేది అనే ప్రశ్న అతనికి సాధారణంగా ఎదురుకాదు. మూలబిందువును ఎన్నుకొనే బాధ్యత అతనిమీద ఎన్నడూ పడదు. ఇది చిన్న లోపంగా కనిపించవచ్చును. కాని అదే విద్యార్థి పాలిటెక్నిక్కులోనో, ఐటిఐలోనో చేరి కంప్యూటరుమీద యంత్రభాగాల చిత్రాలు గీయడం మొదలుపెట్టినప్పుడు ఈ లోపం ఇనుములోకి దిగుతుంది.

ఈ విషయం సంగారెడ్డి జిల్లా ఉపాధ్యాయులకు మిక్కిలి దగ్గరది. రామచంద్రాపురంలో 1960 దశకంలో చెకోస్లొవేకియా సహకారంతో వెలసిన భారీ విద్యుత్ పరికరాల కర్మాగారం టర్బైన్లు, కంప్రెసర్లు, పంపులు తయారుచేస్తున్నది. ఎద్దుమైలారంలో 1980 దశకంలో స్థాపించిన కర్మాగారంనుంచి పదాతిదళపు పోరాట వాహనాలు వస్తున్నవి. జహీరాబాదులో ట్రాక్టర్లు తయారవుతున్నవి. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ప్రాంతాలలో మందుల కర్మాగారాలు, రసాయన కర్మాగారాలు ఉన్నవి. వాటికి కావలసిన పలకలు, ఫ్లాంజీలు, షాఫ్టులు, బ్రాకెట్లు చేసే చిన్న వర్క్‌షాపులు అనేకం. ఈ పనులన్నిటిలోనూ నేడు కంప్యూటరు చిత్రమే మొదటి మెట్టు. దీనినే వాడుకలో క్యాడ్ అంటారు. ముంబాయి రహదారి వెంట ఉన్న బడులలో చదివే పిల్లలలో కొందరైనా ఈ పనిలోకి వెళతారు. కనుక వారు బడిలో నేర్చిన అక్షాలకూ, కర్మాగారంలో వాడే అక్షాలకూ సంబంధం ఏమిటో చూడవలసి ఉన్నది.

అక్షాలు ఇచ్చినవి కావు, ఎన్నుకొన్నవి

నిరూపక జ్యామితికి ఆద్యుడని పేరొందిన రెనే డెకార్ట్ తన జ్యామితి గ్రంథాన్ని 1637లో ప్రకటించాడు. నేటి పాఠ్యపుస్తకాలలో కనిపించే అడ్డు, నిలువు అక్షాల జంట ఆ గ్రంథంలో స్థిరంగా కనిపించదు. సమస్యలో ఉన్న గీతలలోనుంచే ఒకదానిని ఆధారంగా తీసుకొని, మిగిలిన దూరాలను దానికి ముడిపెట్టడం అతని పద్ధతి. అంటే ఆధారరేఖను సమస్యను చూసి ఎన్నుకొనేవాడు. పాఠాలకు అనుకూలంగా ఉండేందుకు తరువాతి కాలంలో అక్షాలు స్థిరపడినవి. సౌకర్యం పెరిగింది కాని, ఎన్నుకొనే పని మరుగున పడింది.

జహీరాబాదుకు పొరుగునే ఉన్న బీదరు ప్రాంతంలో 1815లో విలియం లాంబ్టన్ ఒక ఆధారరేఖను కొలిపించాడు. భారతదేశపు మహా త్రికోణమితి సర్వేలో అది ఒక భాగం. అంతకుముందు 1811లో గుత్తి దగ్గర కూడా ఇటువంటి రేఖను కొలిచారు. ముందుగా ఒక రేఖను అతి జాగ్రత్తగా కొలిచి, దానినుంచి కోణాల సాయంతో వందల మైళ్ళ దేశాన్ని లెక్కకట్టేవారు. దేశపు పటాలకు మధ్యప్రదేశ్‌లోని కల్యాణ్‌పూర్ స్టేషను చాలాకాలం మూలబిందువుగా ఉన్నది. 2005లో వచ్చిన జాతీయ పటాల విధానం తరువాత, సాధారణ ప్రజలకోసం వేసే పటాలు ప్రపంచమంతటికీ ఉమ్మడిగా ఉన్న ఆధారానికి మారినవి. అప్పుడు ప్రతి గుడికీ, ప్రతి చెరువుకూ అక్షాంశ రేఖాంశాల అంకెలు కొంచెం మారినవి. గుడి కదలలేదు, చెరువు కదలలేదు. మారింది ఆధారం ఒక్కటే. నిరూపకాలు వస్తువులో ఉండే గుణాలు కావని చెప్పడానికి ఇంతకంటె పెద్ద ఉదాహరణ అక్కరలేదు.

తేలియాడే దీర్ఘచతురస్రం

కంప్యూటరు చిత్రంలో ఈ సంగతి మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 1963లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో ఐవాన్ సదర్లాండ్ అనే పరిశోధకుడు స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రామును తన సిద్ధాంతవ్యాసంగా సమర్పించాడు. కాంతికలంతో తెరమీద ఉజ్జాయింపుగా ఒక బొమ్మ గీసి, ఈ రెండు గీతలు సమాంతరం, ఈ రెండు భుజాలు సమానం అని నిబంధనలు చెపితే, కంప్యూటరు బొమ్మను వాటికి అనుగుణంగా సర్దేది. గీత గీయడం మనిషి పని, నిబంధనకు కుదర్చడం యంత్రం పని. నేటి క్యాడ్ ప్రోగ్రాములలోని స్కెచ్ కూడా ఈ సూత్రంమీదనే నడుస్తున్నది.

ఇందులోని గణితం హైస్కూలు విద్యార్థికి అందనిది కాదు. సమతలంమీద ఒక బిందువు ఎక్కడ ఉన్నదో చెప్పడానికి రెండు సంఖ్యలు కావలెను. రేఖాఖండానికి రెండు చివరలు కనుక నాలుగు సంఖ్యలు. వృత్తానికి కేంద్రానికి రెండు, వ్యాసార్ధానికి ఒకటి, మొత్తం మూడు. ఇన్ని సంఖ్యలు కావలసిన వస్తువుకు అన్ని స్వేచ్ఛలు ఉన్నవని చెప్పవచ్చును. ప్రతి నిబంధనా కొన్ని స్వేచ్ఛలను తీసివేస్తుంది.

నాలుగు విడి గీతలకు 16 స్వేచ్ఛలు. నాలుగు మూలలలో వాటి చివరలను కలిపితే ఒక్కొక్క మూలలో రెండేసి చొప్పున 8 పోతవి. రెండు గీతలు అడ్డంగా, రెండు నిలువుగా ఉండాలంటే మరి 4 పోతవి. మిగిలినవి 4. ఇప్పుడు పొడవు 160 మిల్లీమీటర్లు, వెడల్పు 100 మిల్లీమీటర్లు అని కొలతలు ఇస్తే ఇంకో 2 పోతవి. బొమ్మ పూర్తయినట్లే కనిపిస్తుంది. కాని లెక్క ప్రకారం ఇంకా 2 స్వేచ్ఛలు మిగిలే ఉన్నవి. ఆ దీర్ఘచతురస్రం నీటిమీద అట్టముక్కవలె తెరమీద ఎటైనా జరగగలదు. అడ్డుదిక్కుకు ఒకటి, నిలువుదిక్కుకు ఒకటి, ఇవే ఆ మిగిలిన రెండు. వీటిని తీర్చేది కొలత కాదు. చిత్రంలోని ఏదో ఒక బిందువును మూలబిందువుతోనో, అక్షాలతోనో ముడిపెట్టడమే.

ఏ బిందువును ముడిపెట్టాలి? ఎడమవైపు దిగువ మూలనా, మధ్యబిందువునా, ఒక రంధ్రపు కేంద్రాన్నా? స్వేచ్ఛల లెక్కకు ఇవన్నీ సమానమే. పనికి మాత్రం సమానం కావు. విమర్శ అంతా ఇక్కడనే మొదలవుతుంది.

ఒక పలక, రెండు మూలాలు

పైన చెప్పిన 160, 100 మిల్లీమీటర్ల పలకకు మధ్యలో 40 మిల్లీమీటర్ల బోరు, దానిచుట్టూ నాలుగు బోల్టు రంధ్రాలు ఉన్నవనుకోవచ్చును. రంధ్రాల ఎడం అడ్డంగా 120, నిలువుగా 60. ఒక విద్యార్థి ఎడమ దిగువ మూలను మూలబిందువు చేశాడు. అతని చిత్రంలో బోరు కేంద్రం 80, 50 దగ్గర ఉంటుంది. రంధ్రాలు 20, 20, 140, 20, 20, 80, 140, 80 దగ్గర ఉంటవి. రెండో విద్యార్థి బోరు కేంద్రాన్ని మూలబిందువు చేసి, పలక అంచులను రెండు అక్షాలకూ సౌష్ఠవంగా పెట్టాడు. అతని రంధ్రాలకు అడ్డదూరం 60, నిలువుదూరం 30. గుర్తులు మాత్రమే ధనాత్మకం, ఋణాత్మకం. రెండు చిత్రాలనూ కాగితంమీద అచ్చువేస్తే తేడా తెలియదు. పరీక్షలో ఇద్దరికీ సమానంగా మార్కులు వస్తవి.

మరునాడు పలక పొడవు 180 కావాలని కబురు వచ్చింది. మొదటివాడు 160ని 180గా మార్చాడు. కుడి అంచు 20 మిల్లీమీటర్లు జరిగింది. బోరు మాత్రం 80 దగ్గరనే ఉన్నది, అసలు మధ్య 90కి పోయింది. ఎడమ రంధ్రాలకు అంచు 20 దూరంలో ఉంటే, కుడి రంధ్రాలకు 40 దూరంలో ఉన్నది. దీనిని సరిచేయడానికి అతడు మరి మూడు అంకెలు మార్చవలెను: 80ని 90గా, 20ని 30గా, 140ని 150గా. ఒకటి మరిచినా పలక పనికిరాదు. రెండోవాడు ఒక్క అంకె మార్చి చేతులు కడుక్కున్నాడు. పలక మధ్యనుంచి రెండువైపులా పెరగాలి అనే ఉద్దేశం అతని చిత్రంలో ఉన్నది. మొదటివాని చిత్రంలో ఆ ఉద్దేశం లేదు. అది అతని మనస్సులోనే ఉండిపోయింది.

అందువల్ల ఎప్పుడూ కేంద్రాన్నే మూలబిందువు చేయవలెనని సూత్రం కంఠస్థం చేయించడం మరో తప్పు. అదే పలక ఎడమ అంచు యంత్రపు గోడకు ఆని కూర్చునేదైతే, బోల్టులు ఆ గోడనుంచి 20 మిల్లీమీటర్ల దూరంలోనే ఉండాలంటే, మొదటి విద్యార్థి చేసిందే సరి. పలక ఏమిచేస్తుంది, దేనికి ఆని ఉంటుంది అని అడగకుండా మూలబిందువును గురించి తీర్పు చెప్పడం సాధ్యం కాదు.

అక్షం దిక్కును కూడా చెపుతుంది

మూలబిందువు వస్తువు ఎక్కడ ఉన్నదో చెపుతుంది. అది ఎటు తిరిగి ఉన్నదో చెప్పడానికి అక్షం కావలెను. గొట్టాలను పాత్రలకు కలిపే ఫ్లాంజీ ఇందుకు మంచి ఉదాహరణ. రసాయన కర్మాగారాలలో ఇవి అడుగడుగునా కనిపిస్తవి. ఒక ఫ్లాంజీకి 8 బోల్టు రంధ్రాలు ఉంటే, వాటి మధ్య కోణం 45 డిగ్రీలు. క్యాడ్‌లో ఒక రంధ్రం గీసి, కేంద్రంచుట్టూ ఎనిమిదిసార్లు తిప్పుమంటే మిగిలినవి వాటంతట అవే వస్తవి. విద్యార్థి సహజంగా మొదటి రంధ్రాన్ని అక్షంమీదనే గీస్తాడు. అక్కడ గీయడం సులభం.

కాని గొట్టాల పనిలో స్థిరపడిన ఆచారం వేరు. రంధ్రాలు అక్షరేఖమీద పడకూడదు. రేఖ రెండు రంధ్రాల నడుమనుంచి పోవలెను. అంటే మొదటి రంధ్రం అక్షానికి ఇరవైరెండున్నర డిగ్రీల దూరంలో ఉండవలెను. పాత్రమీది ఫ్లాంజీ ఆచారం ప్రకారం ఉండి, గొట్టానికి వెల్డు చేసిన ఫ్లాంజీ విద్యార్థి చిత్రం ప్రకారం ఉంటే, ఒకదాని రంధ్రం ఎదురుగా రెండోదాని నిండు లోహం వస్తుంది. వ్యాసం సరిపోయింది, రంధ్రాల సంఖ్య సరిపోయింది, ఎడం సరిపోయింది. బోల్టు మాత్రం దూరదు. వెల్డింగుకు ముందైతే ఫ్లాంజీని కొంచెం తిప్పి సర్దవచ్చును. వెల్డయిన తరువాత కోసివేయడమే గతి. కోయకుండా రంధ్రాలను పెద్దవి చేసి ఎలాగో బిగించే ప్రయత్నం చేస్తే కీలు కారుతుంది. మండే ద్రావకాలు ప్రవహించే గొట్టంలో కారడం అంటే ఏమిటో ఈ ప్రాంతపు కార్మికులకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇక్కడ విద్యార్థి ఏ కొలతలోనూ తప్పుచేయలేదు. అక్షానికి అర్థం ఉన్నదని అతనికి తెలియకపోవడమే తప్పు. తెరమీది అడ్డుగీత అతనికి ఒక గీత మాత్రమే. కర్మాగారంలో అది పాత్ర నిలబడిన దిక్కుకు సంబంధించిన ఆధారం.

యంత్రంమీద మరో మూలం

చిత్రం పూర్తయి యంత్రం దగ్గరకు పోయినప్పుడు మూలబిందువు ప్రశ్న మళ్ళీ లేస్తుంది. మిల్లింగు యంత్రంమీద పలకను వైస్‌లో బిగిస్తారు. వైస్‌కు ఒక దవడ కదలదు, ఒకటి కదులుతుంది. కదలని దవడకు ఆనిన అంచే నమ్మదగినది. కనుక యంత్రం నడిపే మనిషి ఆ అంచునుంచి లెక్కపెట్టుకోవడం సుఖమనుకొంటాడు. చిత్రంలో సున్న బోరు కేంద్రంలో ఉన్నది, యంత్రంలో సున్న పలక మూలలో ఉన్నది. ఇందులో వైరుధ్యం లేదు. మొదటి 160 మిల్లీమీటర్ల పలకకు అడ్డనిరూపకాలకు 80, నిలువు నిరూపకాలకు 50 కలిపితే చాలు. మైనస్ 60, మైనస్ 30 దగ్గరి రంధ్రం 20, 20 అవుతుంది. పదో తరగతి విద్యార్థి దీనిని చెప్పగలడు. మూలబిందువును జరిపినప్పుడు నిరూపకాలు మారుతవి, బిందువుల మధ్య దూరాలు మారవు అనే సూత్రానికి వర్క్‌షాపులో రోజూ జరిగే నిదర్శనం ఇది.

పోతపోసిన వస్తువు విషయంలో అంచును నమ్మరాదు. ఇసుక అచ్చులో పోసిన అంచు ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉండవచ్చును. అలాంటిచోట ముందు ఒక ముఖాన్ని చదునుచేసి, ఒక బోరు వేసి, తరువాతి పనులన్నిటికీ వాటినే ఆధారం చేస్తారు. లేతుమీద తిరిగే షాఫ్టుకు అక్షమే ఆధారం. క్యాడ్‌లో షాఫ్టు సగం ఆకృతిని గీసి అక్షంచుట్టూ తిప్పుతారు. అక్కడ విద్యార్థి వ్యాసార్ధాలను కొలతలుగా ఇస్తే చిత్రం వస్తుంది. కాని టర్నరు మైక్రోమీటరుతో కొలిచేది వ్యాసం. అక్షానికి రెండువైపులా కొలిచి వ్యాసంగా చూపిన చిత్రమే అతనికి ఉపకరిస్తుంది. వ్యాసార్ధంలో 0.05 మిల్లీమీటరు తప్పు వ్యాసంలో 0.1 అవుతుందని కూడా మరువరాదు.

ఇక పూర్తయిన వస్తువును తనిఖీచేసే గదిలో ఉండే నిరూపక కొలత యంత్రం కూడా ముందుగా ఆధారాలనే అడుగుతుంది. ఏ వస్తువుకైనా జరగడానికి మూడు, తిరగడానికి మూడు, మొత్తం ఆరు స్వేచ్ఛలు ఉన్నవి. ఒక ముఖంమీద మూడు బిందువులు తాకిస్తే మూడు పోతవి, పక్క అంచుమీద రెండు తాకిస్తే రెండు పోతవి, మూడో అంచుమీద ఒకటి తాకిస్తే చివరిది పోతుంది. గీసేవాడు, చేసేవాడు, కొలిచేవాడు ఈ ముగ్గురూ మూడు వేర్వేరు ఆధారాలు పట్టుకొని, వాటి మధ్య సంబంధం తెలుసుకోకపోతే, ముగ్గురి అంకెలూ సరియైనవే అయినా వస్తువు తిరస్కరింపబడుతుంది.

ఆకుపచ్చ రంగు చేసే మోసం

ఇప్పుడు క్యాడ్ ప్రోగ్రాముల సంగతి చూడవలెను. ప్రోగ్రాము తెరవగానే మూలబిందువు, అక్షాలు, మూడు సమతలాలు సిద్ధంగా ఉంటవి. బొమ్మలో స్వేచ్ఛలేవీ మిగలకపోతే రంగు మారుతుంది. ఫ్రీక్యాడ్‌లో గీతలు ఆకుపచ్చగా మారుతవి, సాలిడ్‌వర్క్స్‌లో నీలంనుంచి నలుపుకు మారుతవి. ఇది మంచి సౌకర్యం. కాని అనేక శిక్షణ పాఠాలలో ఈ రంగు మారడమే లక్ష్యమైపోయింది. చిత్రం పూర్తిగా బంధింపబడినది అనే మాటకు, చిత్రం సరియైనది అనే అర్థం అంటుకొన్నది.

రంగు మార్చడానికి అడ్డదారులు ఉన్నవి. ఎక్కడో గాలిలో గీసిన బొమ్మలోని ఒక బిందువును ఉన్నచోటనే బంధించుమని చెప్పవచ్చును. అప్పుడు ఆ బిందువు మూలానికి 13.728 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నదని ప్రోగ్రాము రాసుకొంటుంది. గీత ఆకుపచ్చ అవుతుంది. ఆ 13.728 ఎక్కడనుంచి వచ్చింది? విద్యార్థి చేతిలోని మౌస్ ఆగినచోటునుంచి వచ్చింది. యంత్రానికి గాని, వస్తువుకు గాని దానితో సంబంధం లేదు. కంప్యూటరు సమీకరణాలను చూస్తుంది, ఉద్దేశాలను చూడదు. కనుక రంగు చూసి మార్కులు వేయడం, అక్షరాలు గుండ్రంగా ఉన్నవని వ్యాసానికి మార్కులు వేయడం వంటిదే.

రెండో చిక్కు మరింత లోతైనది. ఒక దిమ్మ గీసి, దాని పై అంచును ఆధారం చేసుకొని ఒక గాడి, గాడి అంచును ఆధారం చేసుకొని ఒక రంధ్రం, ఇట్లా ఒకదానిమీద ఒకటి పేర్చడం విద్యార్థులకు అలవాటు. ప్రోగ్రాము ప్రతి అంచుకూ, ముఖానికీ లోలోపల ఒక వరుససంఖ్య ఇస్తుంది. మొదటి దిమ్మలో ఒక మూలను గుండ్రంచేస్తే అంచుల సంఖ్యలు మారవచ్చును. అప్పుడు ఐదో అంచును నమ్ముకొన్న రంధ్రం కొత్త ఐదో అంచువెంట పోయి మరెక్కడో వెలుస్తుంది. ఈ నామకరణ సమస్య ఫ్రీక్యాడ్ వాడేవారిని చాలా ఏళ్ళు బాధించింది. 2024 నవంబరులో వచ్చిన 1.0 కూర్పులో దీనిని చాలావరకు తగ్గించారు. అయినా మందు ప్రోగ్రాములోకంటె పద్ధతిలోనే ఎక్కువగా ఉన్నది. మారే అంచును కాక, మారని మూలబిందువునూ, అక్షాలనూ, వాటికి కట్టిన ఆధార సమతలాలనూ నమ్ముకొన్న చిత్రం ఇట్లా చెదరదు. పక్కింటి గోడనుంచి కొలిచినవాడు ఆ గోడ పడగొట్టిననాడు చిక్కులో పడతాడు. హద్దురాయినుంచి కొలిచినవానికి ఆ బాధ లేదు.

రెండు ఆక్షేపణలు

దీనికి సమాధానంగా రెండు మాటలు వినవస్తవి. మొదటిది, కొలతలను గొలుసుగా ఇచ్చే పద్ధతి కూడా ప్రమాణ గ్రంథాలలో ఉన్నదే కదా అని. నిజమే. పక్కపక్కన ఐదు రంధ్రాలు, ఒక్కొక్కటి ముందుదానికి 30 మిల్లీమీటర్ల దూరంలో, అనుమతించిన తేడా 0.1 అనుకోవచ్చును. గొలుసుగా కొలిస్తే అంచునుంచి ఐదో రంధ్రానికి 150 మిల్లీమీటర్లు, తేడా 0.5 వరకు పెరుగుతుంది. అన్నిటినీ ఒకే అంచునుంచి కొలిస్తే ఐదోదానికి కూడా తేడా 0.1 మాత్రమే. అయితే అప్పుడు పక్కపక్క రంధ్రాల మధ్య తేడా 0.2 వరకు పోవచ్చును. గొలుసు పద్ధతిలో అది 0.1 దాటదు. పక్కపక్క ఎడమే ముఖ్యమైన భాగానికి గొలుసే మేలు. ఈ ఆక్షేపణ మూలబిందువు అవసరాన్ని కాదనడం లేదు. ఎక్కడ ఏది ముఖ్యమో ముందు తెలుసుకోమంటున్నది. అసలు వాదానికి అది బలమే.

రెండోది, ఇదంతా కర్మాగారంలో అనుభవంమీద వచ్చేది, బడిలో చెప్పనక్కరలేదు అనేది. ఈ మాటను అంగీకరించడం కష్టం. పెద్ద కర్మాగారంలో అనుభవజ్ఞుడైన డ్రాఫ్ట్స్‌మన్ కొత్తవాని చిత్రాన్ని దిద్దుతాడు. ఐదారుగురు పనిచేసే చిన్న వర్క్‌షాపులో దిద్దేవాడు ఉండడు. అక్కడ చిత్రం నేరుగా యంత్రంమీదకు పోతుంది. తప్పు ఖర్చు లోహంలో, కూలిలో, పోయిన ఆర్డరులో తేలుతుంది. అనుభవం నేర్పుతుంది నిజమే. ఆ అనుభవానికి రుసుము చెల్లించేది పేద వర్క్‌షాపు, ఉద్యోగం కొత్తగా దొరికిన కుర్రవాడు. గళ్ళ కాగితంమీద ఖర్చులేకుండా చెప్పగల పాఠాన్ని అంత ధరకు కొనిపించడం న్యాయం కాదు.

తరగతిలో చేయదగినవి

ఇందుకు కంప్యూటరు కూడా అక్కరలేదు. ఉపాధ్యాయుడు ఇద్దరు విద్యార్థులకు 140 మిల్లీమీటర్లు అని చెప్పి, నిజానికి 138 మిల్లీమీటర్లు మాత్రమే పొడవున్న అట్టముక్కలను చెరొకటి ఇవ్వవలెను. ఒకడు ఎడమ అంచునుంచి 70 కొలిచి రంధ్రం పొడుస్తాడు, రెండోవాడు కుడి అంచునుంచి 70 కొలిచి పొడుస్తాడు. అట్టలను ఒకదానిమీద ఒకటి పెడితే రంధ్రాలు 2 మిల్లీమీటర్ల దూరంలో ఉంటవి. ఇద్దరూ కొలతలో తప్పుచేయలేదు. తరువాత ఇద్దరినీ అట్టలను సగానికి మడిచి, మడతమీద పొడవమనవలెను. రంధ్రాలు కలుస్తవి. మడత అనేది వస్తువులోనే ఉన్న అక్షమని, అంచు తప్పును అది రెండువైపులకూ సమంగా పంచిందని విద్యార్థి చేతులతో తెలుసుకొంటాడు.

రెండో పని, నిరూపక జ్యామితి లెక్కలలో కనీసం కొన్నింటిని అక్షాలు లేకుండా ఇవ్వడం. ఒక సమద్విబాహు త్రిభుజమో, ఒక దీర్ఘచతురస్రమో ఇచ్చి, అక్షాలను ఎక్కడ పెట్టుకొంటే లెక్క సులభమవుతుందో విద్యార్థినే నిర్ణయించమనవలెను. సమద్విబాహు త్రిభుజపు భూమి మధ్యలో మూలం పెట్టినవానికి శీర్షాలు మైనస్ a, సున్న, a, సున్న, సున్న, b అని మూడు చక్కని జంటలు వస్తవి. మరెక్కడో పెట్టినవాడు పేజీ నింపుతాడు. ఎందుకు అక్కడ పెట్టావని అడగడమే ఆ లెక్కలోని ముఖ్యభాగం.

మూడోది, కంప్యూటరు ఉన్న బడులకు సంబంధించింది. ఫ్రీక్యాడ్ ఉచితంగా దొరుకుతుంది. పిల్లలచేత ఒక పలక గీయించి, మార్కులు వేసేముందు ఒక అంకెను మార్చి చూడవలెను. పొడవు పెంచినప్పుడు చిత్రం అర్థవంతంగా పెరిగితే అది మంచి చిత్రం. రంధ్రం అంచుమీద పడితే, గీతలు మెలితిరిగితే, రంగు ఏదైనా సరే అది చెడ్డ చిత్రం. పక్కన ఒకే వాక్యం రాయమనవలెను: మూలబిందువును ఎక్కడ పెట్టారు, ఎందుకు. ఆ వాక్యం రాయగలిగిన విద్యార్థి మెనూలో ఏ బొత్తాము ఎక్కడ ఉన్నదో మరిచినా ఫరవాలేదు. బొత్తాములు ప్రతి కొత్త కూర్పుతోనూ మారుతవి.

2008లో స్థాపితమైన ఐఐటీ నేడు కందిలో ఉన్నది. దానికి కొద్ది దూరంలో ఐటిఐ ముగించిన కుర్రవాళ్ళు లేతులు నడుపుతున్నారు. ఆ ఇద్దరి చదువుకూ తొమ్మిదో తరగతి గళ్ళ కాగితమే ఉమ్మడి మెట్టు. దానిమీద అక్షాలను అచ్చువేసి ఇవ్వకుండా, ఒక్కొక్కసారైనా ఖాళీగా ఇచ్చి, సున్న ఎక్కడ పెడతావు అని అడిగిన ఉపాధ్యాయుడు ఇద్దరికీ మేలుచేసినవాడవుతాడు.